రేకు వెనక ముఖాలు

జనవరి 12

అక్కకు,

ముందు చేతులు తుడుచుకుని చదువు. నా ఉత్తరాలు దాచుకున్నావని పోయినసారి సంబరంగా తీసి చూస్తే, నీ బొటనవేలి ఎర్రరంగు తప్ప నా అక్షరాలు కనిపించలేదు.

ఫోన్‌లో అడగొచ్చు. కానీ ఫోన్‌లో నువ్వు "ఊఁ", "సరే", "నాన్నకిస్తున్నా" తప్ప ఇంకో మాట అనవు. ఇది "ఊఁ"తో తేలే విషయం కాదు.

ఏప్రిల్‌తో మా చదువు అయిపోతుంది. అయిదో తేదీన కాలేజీ హాల్లో మా పందొమ్మిది మంది బొమ్మలూ పెడతారు. వారం తర్వాత ఒక కమిటీ వచ్చి చూసి, మాలో ఒక్కరికి ఏడాదిపాటు ఒక గది ఇస్తుంది. పై అంతస్తులో ఉంది. మూలన మంచం, గోడకు కుళాయి, పని చేసుకోవడానికి పెద్ద బల్ల. ఏడాదంతా బొమ్మలు వేసుకోవడమే పని. నేను రోజూ మెట్లెక్కి, తాళం వేసిన ఆ తలుపు చూసి దిగి వస్తున్నాను. అక్కా, నాకు ఆ గది కావాలి. ఇంతవరకు దేన్నీ ఇంతగా కోరుకోలేదు. అది రాకపోతే, నాలుగేళ్ళు చదివి కూడా షట్టరు మీద ఒక్క అక్షరం తిన్నగా రాయలేని మనిషిగా వచ్చి నాన్న ఎదురుగా నిలబడాలి.

అందరూ గుడ్డ మీద వేస్తున్నారు. నేను రేకు మీద వేస్తున్నాను. గుడ్డ మీది మనిషి కదలడు. రేకు మీద అలా కాదు, చూసేవాళ్ళు ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలు, వెలుగు జారి ముఖం మారిపోతుంది. ఇందాక నవ్విన మనిషే ఇప్పుడు ఏదో దాస్తున్నట్టు ఉంటాడు. మనిషి ఎప్పుడూ ఒకేలా ఉండడని చెప్పడానికి ఇంతకంటే మంచి వస్తువు నాకు దొరకలేదు. కానీ వేసిన రంగు మూడు వారాలకే పెచ్చులు లేచిపోతోంది. మా మేడం అందరి ముందూ అడిగింది, "రేకు బోర్డులు రాసే షాపులో పుట్టానన్నావు, అక్కడ ఇలాగే వేస్తారా?" అని. ఆ షాపులో పుట్టాను గాని, పుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చున్నానని ఎలా చెప్పను?

మీరు ఏం చేస్తారో రాయి. లారీ బాబాయి ఇటు వచ్చేటప్పుడు నువ్వు సిద్ధం చేసిన రేకు ఒకటి పంపు. నీ ఫొటోలు కూడా కావాలి. పని బట్టల్లో, నిలువెత్తు, రేకు అంచు పట్టుకుని. తల దువ్వుకోకు.

పని మానిపించి చదివిస్తున్నందుకు క్షమించమంటూ,
నీ చెల్లెలు

జనవరి 23

పుస్తకానికి,

నాన్న పెట్టిన ఈ పేరు అక్కడ ఎవరికీ చెప్పలేదని తెలుసు. అందుకే కవరు మీద కూడా పెద్ద అక్షరాలతో రాశాను.

చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. కొత్త జింకు రేకుకు ఫ్యాక్టరీ నుంచే కంటికి కనపడని నూనె పొర ఒకటి వస్తుంది. నువ్వు దాని మీదే రంగు వేస్తున్నావు, ముఖం కడుక్కోకుండా పౌడరు రాసుకున్నట్టు. ముందు వేడి సబ్బునీళ్ళతో కడగాలి. తర్వాత వెనిగర్‌లో ముంచిన గుడ్డతో రుద్ది, తళుకు పోయి బూడిదరంగు తిరిగేదాకా వదిలెయ్యాలి. మళ్ళీ కడిగి, ఎండబెట్టి, ఉప్పుకాగితంతో పైపైన గీకి, పల్చగా ప్రైమర్ కొట్టి రెండు రోజులు ముట్టుకోకూడదు. ఇంతే. ఈ ఇంతే కోసం పక్క వీధి పెయింటరు ఆరేళ్ళుగా మన గుమ్మం చుట్టూ తిరుగుతున్నాడు. నాన్న చెప్పడు. నేను నీకు చెప్పానని నాన్నకు చెప్పకు.

నాన్న చెయ్యి వణుకుతోంది. బోర్డులు, బస్సులు, షట్టర్లు అన్నీ ఇప్పుడు నేనే రాస్తున్నాను. వచ్చినవాళ్ళు "పెద్దాయన చెయ్యి ఇంకా తగ్గలేదండీ" అంటారు. ఆయన తల ఊపుతాడు. నేను బ్రష్షులు కడుగుతూ ఉంటాను. రేకు రెండో చివర పట్టుకోవడానికి మనిషి కావాలని మూడో తరగతిలో నన్ను బడి మానిపించాడు. అప్పట్నుంచి రెండో చివరే నాది. నీకు తెలుసా, నాకు చదవడం కంటే ముందు రాయడం వచ్చింది. 'ఇచ్చట సైకిళ్ళు బాగుచేయబడును' అని ఏడాదిపాటు రాశాక గాని అదేమిటో తెలియలేదు.

ఫొటోలు ఎదురింటి టైలరమ్మ తీసింది. తల దువ్వుకోవద్దన్నావని చెబితే, "మీ చెల్లెలు నిన్ను బాగా చూపించాలనుకుంటోందా, లేక తాను బాగా కనపడాలనుకుంటోందా?" అంది. ఆవిడ మాటలు పట్టించుకోకు.

రేకు పంపుతున్నాను. ప్రైమర్ పట్టిందో లేదో చూద్దామని వెనకవైపు మిగిలిన మూడు రంగులతో నాన్న ముఖం గీశాను. అక్షరాల బ్రష్షుతోనే. అదీ పట్టించుకోకు.

నీ వేలిముద్రల అక్క

ఫిబ్రవరి 6

అక్కకు,

రేకు చక్కగా చేరింది. గోరుతో గీకాను, మేకుతో గీకాను, రంగు కదల్లేదు. మేడం వేలితో తట్టి చూసి, "ఇప్పుడు పని మొదలైంది" అంది. అప్పుడు అందరి ముందూ అడిగినందుకు, ఇప్పుడు ఇదీ అందరి ముందే అంది.

వెనక నాన్న ముఖం చూశాను. బాగానే ఉంది. మేడం కూడా చూసింది, పర్వాలేదంది.

ఇప్పుడు అసలు పని. మనిషెత్తు రేకులు ఏడు కావాలి, అన్నీ ఇలాగే సిద్ధం చేసి. ఒక్కోటి కడిగి ఆరబెట్టడానికి ఎంత సమయం పడుతుందో నాకు తెలుసు, అందుకే ఇంత ముందుగా అడుగుతున్నాను. ఇంకో మాట. ప్రైమర్ పరీక్ష కోసం ప్రతి రేకు వెనకా ఒక ముఖం వేసి పంపు. నాన్నది వేసినట్టే, పెద్దగా ఆలోచించకుండా. రంగు పట్టిందని నాకు నమ్మకంగా ఉంటుంది. వాటికి ఎంతసేపు పట్టిందో, ముందు ఏ రంగు వేశావో, ముక్కు దగ్గర బ్రష్షు ఎటు తిప్పావో కూడా రాయి. రేకు గురించి తెలుసుకోవాలి కదా, అందుకు.

ఆ గది తలుపు నిన్న తీసి ఉంది. ఊడ్చే ఆవిడ లోపల ఉంది. నేను ఒక్క అడుగు లోపల పెట్టి వెంటనే తీసేశాను. ఇంకా నాది కాదు కదా.

నీ చెల్లెలు

ఫిబ్రవరి 19

పుస్తకానికి,

ప్రైమర్ పట్టిందో లేదో తెలుసుకోవడానికి ముక్కు దగ్గర బ్రష్షు ఎటు తిప్పానో ఎందుకే? సరే, పెద్ద చదువుల్లో ఏం ఉంటాయో నాకేం తెలుసు.

నాలుగు రేకులకు వెనకవైపు అయింది, వాటి ముఖాల ఫొటోలు ఈ కవర్లోనే పెట్టాను. ముఖాలు మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు వేస్తున్నాను. నాన్న కుర్చీలో కునుకు తీస్తాడు. ముందు కొంచెం సిగ్గనిపించింది. బోర్డుకు అక్షరాలు తప్ప మనిషిని ఎవరు వెయ్యమంటారు? తర్వాత చెయ్యి ఆగలేదు. టైలరమ్మను వేశాను, పిన్నులు పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడుతుందే, అలా. లారీ బాబాయిని అద్దంలో తనను తాను చూసుకుంటూ మీసం సవరించుకుంటున్నట్టు వేశాను. నాన్నను నిద్రలో వేశాను. ఒకటి నన్ను నేనే వేసుకున్నాను, రంగుకు వచ్చిన బస్సు పక్క అద్దంలో చూసి. ఆ అద్దానికి బీట ఉంది. బీటతోనే వేశాను.

ముక్కు గురించి అడిగావు. అక్షరంలో పొట్ట ఎలా తిప్పుతామో అలాగే. పైనుంచి దిగి, కింద ఆగి, చెయ్యి ఎత్తకుండా తిరగాలి. అక్కడ ఆగేటప్పుడు ఊపిరి తీసుకోకూడదు. దీనికి మించి నాకు చెప్పడం రాదు. ఒక్కో ముఖానికి పావుగంట పడుతోంది. ఎక్కువా?

మరి నువ్వు ముందువైపు ఏం వేస్తున్నావో ఒక్క ముక్క రాయలేదు. నా ఫొటోలతో ఏం చేస్తున్నావు? టైలరమ్మ రోజూ అడుగుతోంది. అడిగేది ఆమే అనుకో.

మధ్యాహ్నాల కోసం ఎదురుచూసే అక్క

మార్చి 8

అక్కకు,

ఏం వేస్తున్నానో చెబుతాను, శ్రద్ధగా విను. నా నాలుగేళ్ళ ఆలోచన ఇది.

ఏడు రేకుల మీద ఒకే స్త్రీ. మొదటి రేకులో ఆమె షాపులో రేకు అంచు పట్టుకుని నిలబడి ఉంటుంది. జుట్టు చెదిరి, చేతులకు రంగు. రెండో దానిలో చెయ్యి కొంచెం వదులవుతుంది. మూడు, నాలుగు, అయిదులో ముఖం మెల్లగా మారుతుంది, బట్టలు మారతాయి, నిలబడే తీరు మారుతుంది. ఆరో దానిలో ఆమె చేతిలో పుస్తకం. ఏడో దానిలో ముఖం ఉండదు. అక్కడ రంగు వెయ్యకుండా రేకును అద్దంలా మెరిసేట్టు రుద్దుతాను. ఎవరు ఎదురుగా నిలబడితే ఆ ముఖం వాళ్ళదే. మనిషి పుట్టిన చోటే ఆగిపోనక్కర్లేదని చెప్పడం నా ఉద్దేశం. మొదటి రేకుకు నీ ఫొటోలు వాడుతున్నాను, ఆరోదానికి నావి.

ఈ మధ్య నువ్వు ఫొటోల్లో పంపిన ముఖాలను జాగ్రత్తగా పరిశీలించాను. ముఖ్యంగా టైలరమ్మ ముఖం. నువ్వు ఏమీ అనుకోకపోతే కొన్ని తప్పులు చెబుతాను. చెవి కళ్ళకంటే పైకి వెళ్ళింది. మెడ ఎముక ఉండాల్సిన చోట లేదు. నీడలు ఒకే దిక్కు నుంచి రావడం లేదు. ఇవన్నీ మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. నేర్పేవాళ్ళు లేక నీకు తెలియలేదు, అంతే. తప్పు నీది కాదు.

రేకులు త్వరగా పంపు. ఇక నాలుగు వారాలే ఉన్నాయి.

నీ మేలు కోరే చెల్లెలు

మార్చి 17

చదువుకున్న చెల్లెలికి,

ఏడు రేకులూ బాబాయి లారీలో ఎక్కించాను.

చెవులు చూసుకున్నాను. టైలరమ్మ చెవి నిజంగానే పైకే ఉంది, టేపు పెట్టి కొలిచాను. అది పుట్టుకతో వచ్చిన తప్పు, మొదటి సంవత్సరంలో సరిచెయ్యలేరు.

నీ ఏడు రేకుల స్త్రీ గురించి రెండుసార్లు చదివాను. నాన్నకు కూడా చదివి వినిపించాను. ఏడోదానికి నువ్వు ముఖం వెయ్యవంటే, "పని సగంలో ఆపేస్తే ఎవరు తీసుకుంటారు?" అన్నాడు. నేను మాత్రం మొదటి రేకు దగ్గరే ఆగిపోయాను. మొదటి రేకు నేను. ఆరో రేకు నువ్వు. అంటే నువ్వు దాటి పోవాల్సినదాన్నా నేను? వాకిట్లో బురదలా? నువ్వు పుస్తకం పట్టుకుని గుమ్మంలో కూర్చున్నప్పుడు రేకు అంచు పట్టుకున్నదాన్ని నేనే. నేను వదిలేసి ఉంటే నీ కాలి మీద పడేది.

బాబాయి పోయినవారం ఉత్తరం తీసుకోవడానికి మీ తరగతి గదికి వచ్చాడట కదా. నాన్న ముఖం గోడకు తగిలించి ఉందన్నాడు. మీ మేడం ఎవరికో దాన్ని చూపిస్తూ ఏదో అంటోందన్నాడు. ఏమందో బాబాయి నాకు చెప్పాడు. నువ్వు కూడా చెబుతావేమోనని నీ ఉత్తరం మొత్తం వెతికాను. చెవి, మెడ, నీడలు ఉన్నాయి. అది లేదు.

ముందువైపు నీది. వెనకవైపు నాది. నీ వైపు తుడవకు, కడగకు, నేరుగా రంగు వేసుకో. నీ కోసం విడిగా చేశాను.

అక్క

ఏప్రిల్ 2

అక్కకు,

బాబాయి ఈ వారం వేరే దారిలో వెళ్ళాడట, అందుకే పోస్టులో వేస్తున్నాను. ఈ ఉత్తరం నాన్నకు చదివి వినిపించకు.

నాన్న ముఖం వచ్చిన రోజున మేడం ఆ రేకు తిప్పి చూసింది. ఎవరు వేశారని అడిగింది. నేనే అన్నాను. అనాలని అనుకోలేదు, నోటికి అదే వచ్చింది. అప్పుడు ఆమె, "మరి ఇది వెయ్యగలిగినదానివి మిగతావన్నీ ఎందుకు వేస్తున్నావు?" అంది.

మిగతావన్నీ అంటే నా నాలుగేళ్ళు అక్కా.

అందుకే ముఖాలు అడిగాను. పరీక్ష కోసం కాదు, చూసి రాసుకోవడానికి. నువ్వు చెప్పినట్టు పైనుంచి దిగాను, కింద ఆగాను, ఊపిరి బిగబట్టాను. దగ్గు వచ్చింది గాని ముక్కు రాలేదు. నలభై రేకు ముక్కలు పాడుచేశాను. నీ చెయ్యి చూస్తే కడుపు మండిపోయింది. నాకు నాన్న పుస్తకాలు కొనిచ్చాడు, నీకు బ్రష్షు ఇచ్చాడు. అందరూ నన్ను అదృష్టవంతురాలు అంటారు. నాకు మాత్రం ఇన్నేళ్ళకు కన్ను కుట్టింది. ఆ మంటతోనే నీ చెవుల్లో, మెడల్లో తప్పులు వెతికాను.

ఏడు రేకులూ వచ్చాక ఒక రోజంతా వెనక ముఖాలనే చూస్తూ కూర్చున్నాను. వాటిని ముందుకు తిప్పి నా పేరుతో పెడితే ఆ గది నాదేనని నాకు తెలుసు. మేడం కూడా అలాంటివాటి కోసమే ఎదురుచూస్తోంది. పెట్టను. ఎల్లుండి గోడకెక్కేవి నేను వేసినవే. నువ్వు అడిగినదానికి జవాబు వెతుక్కుంటూ అంతా మార్చేసి మళ్ళీ వేశాను. ఇప్పుడు మొదటి రేకు, ఆరో రేకు అని లేవు. ఏడింటిలోనూ ఇద్దరం ఉన్నాం, ఒకే ఒంట్లో. నీ భుజాల మీద నా మెడ, నా పుస్తకం పట్టుకున్న నీ వేళ్ళు. ఎక్కడ నువ్వు ఆగి నేను మొదలయ్యానో నాకే తెలియదు. ఏడోదానికి ముఖం వేశాను, నాన్నకు చెప్పు. నీ అంత బాగా ఎప్పటికీ వెయ్యలేను. కానీ ఇవి మాత్రం నావి.

మేడంకి నిజం చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. నీకు చెప్పగలిగాను, ముందు అదే కష్టమనుకున్నాను.

నీ చెల్లెలు

ఏప్రిల్ 7

చిన్నా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. చదివి మూడుసార్లు ఫోన్ చేశాను. నీ గొంతు వినగానే పెట్టేశాను. ఇది నోటితో చెప్పగలిగింది కాదు. బాబాయి తెల్లారి బయల్దేరుతున్నాడు, అతని చేతికిస్తున్నాను.

ఏడు రేకులకూ నీ వైపు కడగలేదు.

సబ్బునీళ్ళు, వెనిగర్, ఉప్పుకాగితం అన్నీ వెనకవైపుకే. ముందువైపు నూనె పొర మీదే ప్రైమర్ కొట్టేశాను. చూడటానికి తేడా తెలియదు. దీపాల వేడి తగిలితే నాలుగు రోజుల్లో లేస్తుంది. నాది నిలబడుతుంది.

"ఈ అమ్మాయి చెయ్యి చూడండి, ఇలాంటి చెయ్యి పదేళ్ళకొకటి వస్తుంది" అని మీ మేడం అందట. బాబాయి మురిసిపోతూ చెప్పాడు, "మన పుస్తకం గొప్పదైపోయిందే" అని. నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో నేను రాసిన ఏ బోర్డుకూ ఆయన లేచి నిలబడలేదు. 'అది నేను వేసింది నాన్నా' అనొచ్చు. అనలేదు. అని ఉంటే ఆయన నమ్మేవాడు కాదేమో, అది ఇంకా భరించలేకపోయేదాన్ని. ఆ రాత్రి, బాబాయి తెచ్చిన నీ చెవుల ఉత్తరం చదివాను. కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. నా ముఖాలు తిప్పి నీ పేరుతో పెడతావని అనుకున్నాను. పెట్టుకో, కానీ నీవి మాత్రం ఒక్కటీ మిగలకూడదు అనుకున్నాను. చిన్నప్పుడు నీ జ్వరానికి తడిగుడ్డ వేసిన చేతులతోనే ఆ రేకులు తుడవకుండా వదిలేశాను.

నువ్వు నీవే పెడతావని నాకు తెలియదు. తెలిస్తే చేసేదాన్ని కాదు. ఈ మాట నాకెంత అక్కరకొస్తుందో తెలుసు, అయినా రాస్తున్నాను.

గోడ మీంచి దించెయ్యి. ఇంకా ఊడకపోతే నేను వచ్చి ఏదో ఒకటి చేస్తాను.

అక్క అనిపించుకోని
అక్క

ఏప్రిల్ 12

అక్కకు,

నీ ఉత్తరం తొమ్మిదో తేదీన అందింది. రంగు లేవడం ఎనిమిదోనాడే మొదలైంది.

ముందు మూడో రేకు భుజం దగ్గర బుడగలా లేచింది. మధ్యాహ్నానికి చారలు చారలుగా వేలాడింది. సాయంత్రానికి అయిదో రేకు చెంప మొత్తం కింద పడింది. ఊడ్చే ఆవిడ దాన్ని చేటలోకి ఎత్తి, "ఇది పారెయ్యాలా అమ్మా, ఉంచాలా?" అని అడిగింది. తమాషా ఏమిటంటే జనం పెరిగారు. మనిషి మారిపోవడాన్ని కళ్ళముందే చూపించిందని ఒకాయన సందర్శకుల పుస్తకంలో రెండు పేజీలు రాశాడు. మర్నాడు మేడం వచ్చి చూసి అడిగింది.

"కావాలనే చేశావా?"

అవునంటే సరిపోయేది. అందరూ నా నోటి నుంచి అదే వినాలనుకుంటున్నారు. నీ ఉత్తరం నా సంచిలో ఉంది.

"కాదు మేడం. రేకు కడగలేదు."

"రేకు కడగడం నీకు తెలుసన్నావు."

"నాకు తెలియదు. ఎప్పుడూ కడగలేదు. మా అక్క కడుగుతుంది. నాన్న ముఖం వేసింది కూడా అక్కే."

నేనే నిచ్చెన తెచ్చుకుని ఏడు రేకులూ ఒక్కొక్కటీ దించి తిప్పాను. అద్దంలో బీటతో ఉన్న నీ ముఖం తిప్పేటప్పుడు వెనక నుంచి నా రంగు నా పాదాల మీద రాలింది. పక్కన ఒక కాగితం అంటించాను, వేసినది ఎవరో, ఏ షాపులో పని చేస్తుందో.

అక్కా, నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం. ఆ రోజు నువ్వు ఎదురుగా ఉంటే జుట్టు పట్టుకునేదాన్ని. ఆ ఏడూ నేను నిజంగా వేసిన మొదటి బొమ్మలు. ఫొటో కూడా తీసుకోలేదు.

ఈ రోజు కమిటీ వచ్చింది. ముగ్గురు. వాళ్ళు వెళ్ళేటప్పుడు మేడం నన్ను పిలిచి చెప్పిన మాట రాయాలి. రాయడానికే కూర్చున్నాను.

ఏప్రిల్ 21

ఈ ఉత్తరాన్ని తొమ్మిది రోజులు నా పెట్టెలో దాచాను.

కమిటీ ఆ గది నీకు ఇచ్చింది. చదివినవాళ్ళకే ఇవ్వాలని ఎక్కడా రాసి లేదట, వెతికి చూశారు. ఇరవయ్యైదో తేదీలోగా నువ్వు మేడంకి సరేనని చెప్పాలి. చెప్పకపోతే రెండో పేరుకు వెళ్తుంది. రెండో పేరు నాది. రాలిపోయిన బొమ్మలకు కాదు, కాగితం అంటించినందుకని మేడం అంది.

అందుకే దాచాను. నేను ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు, గది నాదవుతుంది. పెట్టె మీదే కూర్చుని తిన్నాను. మింగలేక కక్కలేక అంటారే, అలా. నువ్వు ఏడు రేకులు కడగకుండా వదిలినప్పుడు నీకు ఎలా ఉండి ఉంటుందో నాకు ఇప్పుడు తెలుసు. ఏమీ చెయ్యకపోవడం ఎంత తేలికో.

నిన్న మేడం ఆ గది తాళం నా చేతికిచ్చి, మీ అక్క వచ్చేలోపు ఊడ్చి పెట్టమంది. ఊడ్చాను. బల్ల తుడిచాను. కిటికీలోంచి పెద్ద రోడ్డు కనిపిస్తుంది. మంచం మీద కూర్చోలేదు.

బాబాయి కింద హారన్ కొడుతున్నాడు. ఇప్పుడే ఇచ్చేస్తున్నాను. అక్కా, వచ్చెయ్. నువ్వు ఆ గదిలో నిలబడటం చూడలేను, అందుకే నువ్వు వచ్చే రోజున నేను ఇక్కడ ఉండను. షాపుకు వెళ్ళి నాన్న దగ్గర ఉంటాను. అక్షరాలు నేర్చుకుంటాను.

నీ చెల్లెలు

ఏప్రిల్ 23

పుస్తకానికి,

తొమ్మిది రోజులు దాచావు. నేనైతే ఇరవయ్యారో తేదీన పంపేదాన్ని.

మేడంకి ఫోన్ చేశాను. నేను ఏం చదివానని అడుగుతుందని భయపడి జవాబు కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఆమె ఎప్పుడు వస్తారని మాత్రమే అడిగింది. ఎల్లుండి బాబాయి లారీలో వస్తున్నాను. వదిలేస్తే ఆ గది నీకే వస్తుందని నాకూ తెలుసు. ఒక రాత్రంతా పెద్ద మనసు చేసుకుందామని చూశాను. కుదర్లేదు. నాకూ కావాలి చిన్నా. ఇంతవరకు ఎవరూ నన్ను ఏం కావాలని అడగలేదు, అందుకని కావాలనుకోవడం కూడా తెలియలేదు.

నాన్నకు అంతా చెప్పాను, కడగని రేకులతో సహా. మొదట నమ్మలేదు. నన్ను ముక్కు వెయ్యమని ఒక డబ్బా మూత ఇచ్చాడు. వేశాను. చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "మరి బస్సులు ఎవరు రాస్తారు?" అన్నాడు. పుస్తకం వస్తోందన్నాను. నా ముక్కుకు కాదు, ఆ మాటకు నవ్వాడు. ఆ నవ్వు గురించి రాయకూడదనుకున్నాను, కానీ మనం ఇప్పుడు నిజాలే రాసుకుంటున్నాం కదా.

ఒక బస్సు పని సగంలో ఉంది. పక్కల మీద అక్షరాలు అయిపోయాయి. వెనక తలుపు మీద తన కూతురి ముఖం కావాలని బస్సు యజమాని ఫొటో ఇచ్చి వెళ్ళాడు. రెండుసార్లు బ్రష్షు తీసి, నీ కోసం వదిలేశాను. తలుపు కడిగి, ప్రైమర్ కొట్టి ఉంచాను. నమ్మకం లేకపోతే మళ్ళీ కడుక్కో, నేనేమీ అనుకోను.

ఆ బస్సు వారానికి రెండుసార్లు మీ కాలేజీ రోడ్డు మీదుగా వెళ్తుందట. కిటికీ దగ్గర నిలబడి చూస్తాను. నువ్వు వేసింది బాగా లేకపోతే అదే రోజు చెవి దగ్గర్నుంచి మెడ దాకా అన్ని తప్పులూ వివరంగా ఉత్తరం రాస్తాను.

బాగుంటే రాయలేను. నా దగ్గర్నుంచి ఉత్తరం రాకపోతే, ఎందుకో నువ్వే తెలుసుకో.

నీ అక్క